అక్కడ బ్యాంకు బోర్డు తిప్పేస్తే ఇక్కడ నిండా మునగడం ఎలా?

పరాయి దేశంలో బ్యాంకు మునిగితే మన డబ్బు దానంతటదే పోతుందని చాలామంది ధీమాగా ఉంటారు. అంత తేలిక కాదు. నష్టం జూరిచ్‌లోనో శాన్‌ఫ్రాన్సిస్కోలోనో బయల్దేరి, దలాల్ స్ట్రీట్ దాటి, గాజువాక దాటి, సింధియా దగ్గర మలుపు తిరిగి, ఘాట్ రోడ్డెక్కి యారాడలో దిగేసరికి దాని పస సగానికి సగం తగ్గిపోతుంది. మిగతా సగం మనమే పూనుకుని పూర్తి చేయాలి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం ఉన్న ఊళ్లో కూర్చుని న్యూయార్కు వాడితో సమానంగా నష్టపోవాలంటే సాధన కావాలి. అందుకు పనికొచ్చే సలహాలు కొన్ని ఇక్కడ ఇస్తున్నాను. వీటిని పాటించి బాగుపడ్డవాడు ఇంతవరకు లేడు.

ముందుగా వేళ కుదరాలి. అమెరికా మార్కెట్ మన లెక్కలో ఎండాకాలం సాయంత్రం 7కి, చలికాలం 8కి తెరుచుకుంటుంది. అంటే భోజనాల వేళకు భయం మొదలై పడుకునేసరికి ముదురుతుంది. ఇది మనకు ఎంతో అనుకూలం. రాత్రంతా ఫోను చూడండి. తెల్లారి 6:30కి, మన మార్కెట్ ఎటు తెరుచుకుంటుందో ముందే సూచించే గిఫ్ట్ నిఫ్టీ మొదలవుతుంది. 2023 దాకా అది ఎస్‌జీఎక్స్ నిఫ్టీ పేరుతో సింగపూర్‌లో నడిచేది. ఆ వేళకు యారాడ ఒడ్డున వేటకెళ్లిన పడవలు తిరిగొస్తుంటాయి. వలలోంచి కవళ్లూ నెత్తళ్లూ దులుపుతుంటారు, ఆడవాళ్లు తట్టలు ముందు పెట్టుకుని బేరాలాడుతుంటారు. అటు చూడకండి. గిఫ్ట్ నిఫ్టీ ఎరుపులో ఉందా లేదా, అదొక్కటే చూడండి. 9:15కి మన మార్కెట్ తెరవగానే ధరకు గిరి గీయకుండా మార్కెట్ ఆర్డరు కొట్టి ఉన్నవన్నీ అమ్మేయండి. రాత్రంతా నిద్రలేనివాళ్లు దేశమంతటా ఒకేసారి అమ్మే నిమిషాలవి. మీ షేరుకు ఆ రోజు మొత్తంలో అధమ ధర అప్పుడు దొరికే అవకాశాలు మెండు.

విదేశీ మదుపరి ఎందుకు అమ్ముతున్నాడని మాత్రం ఎన్నడూ అడక్కండి. అడిగితే జవాబు దొరుకుతుంది, జవాబు దొరికితే భయం తగ్గుతుంది, భయం తగ్గితే ఈ చిట్కాలేవీ పనిచేయవు. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. 1850లో పుట్టిన సంస్థ, లెక్కల్లో 639 బిలియన్ డాలర్ల ఆస్తులు. ఆ రోజు సెన్సెక్స్ దాదాపు 470 పాయింట్లు పడి 13,531 దగ్గర ముగిసింది. ఆ ఏడాది జనవరిలో 21 వేలు దాటిన సూచీయే అక్టోబరు 27న 7,697ను తాకింది. విదేశీ సంస్థాగత మదుపరులు, అదే టీవీలో ఎఫ్‌ఐఐలంటారే వాళ్లు, ఆ సంవత్సరం మన షేర్లలోంచి నికరంగా 53 వేల కోట్ల రూపాయల దాకా వెనక్కి తీసుకున్నారు.

ఎందుకు తీసుకున్నారంటే (వద్దన్నాను కదా, అయినా ఒక్కసారి చెప్పి వదిలేస్తాను) మన కంపెనీలు చెడిపోయాయని కాదు. న్యూయార్కులో వాళ్ల ఫండులో డబ్బు పెట్టినవాళ్లు వెనక్కి ఇమ్మన్నారు. అప్పిచ్చిన బ్యాంకులు ఇంకా తాకట్టు పెట్టమన్నాయి. అక్కడ చేతిలో ఉన్న ఇళ్ల అప్పుల కాగితాలు కొనేవాడు లేడు. అప్పులవాడు గుమ్మంలోకి వస్తే ఇంట్లోంచి ముందు బయటికెళ్లేది సొట్టపడ్డ చెంబు కాదు, మెళ్లో గొలుసు. అలా వాళ్లు అమ్ముడుపోయే సరుకు అమ్మారు. అమ్మిన రూపాయలిచ్చి డాలర్లు కొన్నారు. దాంతో 2008 మొదట్లో 39 రూపాయల చిల్లర ఉన్న డాలరు ఏడాది చివరికి 50 దాకా వెళ్లింది. రూపాయి పడేకొద్దీ ఇంకా ఇక్కడే ఉన్న విదేశీయుడికి డాలర్ల లెక్కలో నష్టం పెరిగింది. కనక వాడూ అమ్మాడు. ఇంకో దారి కూడా ఉంది, అది పేపర్లో తక్కువగా వచ్చింది. విదేశాల్లో అప్పు పుట్టని మన పెద్ద కంపెనీలు మ్యూచువల్ ఫండ్లలో దాచుకున్న సొమ్ము లాగేసుకున్నాయి. ఆ తాకిడికి ఫండ్లు ఉక్కిరిబిక్కిరి కావడంతో రిజర్వు బ్యాంకు అక్టోబరు 14న 20 వేల కోట్ల ప్రత్యేక కిటికీ తెరవాల్సి వచ్చింది.

ఇదంతా తలకెక్కితే, ‘కంపెనీకి ఏమీ కాలేదు, అమ్మినవాడికి అవసరం పడింది’ అన్న ప్రమాదకరమైన ఆలోచన రావచ్చు. రానివ్వకండి. అలాగే డాలర్లలో అప్పు చేసి రూపాయల్లో సంపాదించే కంపెనీలకు అప్పట్లో నిజంగానే నడుం విరిగింది, డాలరు అప్పు లేనివాటికి షేరు ధర మాత్రమే విరిగింది. ఈ తేడా తెలుసుకోవాలంటే వార్షిక నివేదికలో రెండు మూడు పేజీలు తిప్పాలి. ఎందుకండీ శ్రమ? అన్నిటినీ ఒకే గాటన కట్టండి.

యారాడవాళ్లకు మిగతా మదుపరులకు లేని సౌకర్యం ఒకటుంది, ఓడలు కనిపిస్తాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నిలబడి చూస్తే రేవు బయట లంగరేసినవి వరసగా కనబడతాయి. సరుకు దించేసిన ఓడ నీళ్లలోంచి పైకి తేలి, పొట్ట కింద ఎర్ర రంగు బయటపడుతుంది. నిండు ఓడకు ఆ ఎరుపు నీళ్లలో ఉండి, పైన నలుపో నీలమో మాత్రమే అగుపిస్తుంది. ఈ విజ్ఞానంతో ట్రేడింగ్ చేయండి. ఓడలు ఎక్కువ కనబడ్డ రోజు వ్యాపారం బ్రహ్మాండంగా ఉందని కొనండి, తక్కువ కనబడితే అమ్మండి. నిలబడ్డ ఓడ బెర్తు ఖాళీ లేక నిలబడిందా, సరుకు లేక నిలబడిందా అని పోర్టులో పనిచేసేవాళ్లను అడిగితే చెబుతారు. కానీ వాళ్లకు స్టాక్ మార్కెట్ గురించి ఏం తెలుసు?

2008 చివర్లో ఓడలకు వచ్చిన తంటా వేరు. ఇనప ఖనిజం ఉంది, ఓడ ఉంది, కొనేవాడూ ఉన్నాడు. మధ్యలో కాగితం లేదు. కొనేవాడి బ్యాంకు ‘డబ్బుకు నాదీ పూచీ’ అని ఎల్‌సీ, అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, ఇస్తేనే అమ్మేవాడు సరుకు ఓడెక్కిస్తాడు. లేమన్ తర్వాత ఏ బ్యాంకు రేపటికి ఉంటుందో తెలియక ఒకరి కాగితం ఒకరు నమ్మడం మానేశారు. పెద్ద ఓడల కిరాయి చెప్పే బాల్టిక్ డ్రై సూచీ 2008 మే 20న 11,793 ఉంటే డిసెంబరు 5కి 663కి జారింది. దాదాపు పద్దెనిమిదో వంతు! ఉక్కు ధరలూ కూలాయి. విశాఖ లాంటి ఊరికి విదేశీ బ్యాంకు దెబ్బ షేర్ల తెర మీద కంటే ఈ ఎల్‌సీ కాగితం మీద ముందు పడుతుంది. ఆ సంక్షోభంలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే భాగం అదే. అయితే ఎల్‌సీల గురించి టీవీలో ఎవడూ అరవడు. అరవని సంగతిని పట్టించుకోవడం మన పద్ధతి కాదు.

ఉక్కు మాట వచ్చింది కాబట్టి ఇంకో చిట్కా. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ షేరు స్టాక్ మార్కెట్లో లేదు. 2012లో పబ్లిక్ ఇష్యూ తెద్దామనుకుని వాయిదా మీద వాయిదా వేసి ఊరుకున్నారు. అయినా వాట్సాప్ గ్రూపులో ఎవరైనా ‘వైజాగ్ స్టీల్ షేరు, లిస్టింగుకు ముందే, చవగ్గా’ అని పెడితే ఆలోచించకండి. నంబరు అక్కడే ఉంటుంది, ఫోన్‌పే కొట్టేయండి.

ఇక గంగవరం. యారాడ కొండలకు దక్షిణాన ఉన్న ఈ పోర్టును 2021లో అదానీ పోర్ట్స్ కొనుక్కుంది. రాష్ట్ర ప్రభుత్వం కూడా తన 10.4 శాతం వాటాను 644 కోట్లకు ఆ కంపెనీకే అమ్మేసింది. కాబట్టి కొండ ఇవతలివాళ్లలో కొందరికి ఆ షేరంటే ‘మన పక్కింటి షేరు’ అన్న మమకారం. ఆ మమకారాన్ని బాగా పెంచుకోండి. ఉన్న సొమ్మంతా అందులోనే పెట్టండి. అప్పుడు విదేశీ బ్యాంకు దెబ్బ సూటిగా, పంపకాలు లేకుండా మీకే తగులుతుంది.

ఎలా తగులుతుందో 2023లో చూశాం. జనవరి 24న అదానీ గ్రూపు మీద ఆరోపణలతో హిండెన్‌బర్గ్ నివేదిక వచ్చింది. ఫిబ్రవరి 1న ఇంకో వార్త బయటికొచ్చింది. స్విట్జర్లాండ్‌లోని క్రెడిట్ సూయిస్ తన సంపన్న ఖాతాదారులకు అప్పిచ్చేటప్పుడు అదానీ పోర్ట్స్‌తో సహా ఆ గ్రూపు కంపెనీలు కొన్నిటి బాండ్లకు తాకట్టు విలువ సున్నా కడుతోందని. నిన్నటిదాకా ఆ బాండు పెట్టి అప్పు తెచ్చుకున్నవాడు ఇప్పుడు వేరే తాకట్టు తేవాలి, లేదా అప్పు కట్టాలి. ఆ ఒక్క రోజే అదానీ పోర్ట్స్ షేరు 20 శాతం దాకా పడింది. మరో రెండు రోజులకు 400 రూపాయల దిగువను తాకింది. దేశంలోని లోతైన రేవుల్లో గంగవరం ఒకటి. ఆ వారంలో దాని లోతు ఒక్క అంగుళం తగ్గలేదు.

సున్నా వేసిన ఆ బ్యాంకు సంగతి చూడండి. కాదు, చూడకండి, చూస్తే కథ పాడవుతుంది. 1856లో పుట్టిన క్రెడిట్ సూయిస్ ఫిబ్రవరి 1న గంగవరం పక్కన సున్నా రాసింది. మార్చి 15న దాని పెద్ద వాటాదారైన సౌదీ నేషనల్ బ్యాంకు ఛైర్మన్, ఇంకా పెట్టుబడి పెడతారా అంటే ససేమిరా అన్నాడు. మార్చి 19న, ఆదివారం పూట, పోటీదారు యూబీఎస్‌కు 3 బిలియన్ స్విస్ ఫ్రాంకులకు దాన్ని కట్టబెట్టేశారు. ఇవతల మార్చి 2నే అమెరికాకు చెందిన జీక్యూజీ పార్ట్‌నర్స్ అనే మరో విదేశీ మదుపరి నాలుగు అదానీ కంపెనీల షేర్లు 15,446 కోట్లకు కొంది, అందులో పోర్ట్స్ కూడా ఉంది. డిసెంబరులో ఆ షేరు వెయ్యి దాటింది. ఇది ఆ గ్రూపు మీద వచ్చిన ఆరోపణలకు సచ్ఛీల ధ్రువపత్రం కాదు, ఆ పంచాయితీ వేరు. పడ్డ ధరకూ రేవుకూ, పెరిగిన ధరకూ రేవుకూ మధ్య ఎంతెంత దూరం ఉందో చెప్పడానికే ఈ లెక్క. ‘పక్కింటి షేరు’ అని 760కి కొని, ‘స్విస్ వాడే సున్నా వేశాడు’ అని 400కు అమ్మి, ‘అరెరె, పక్కింటి షేరే కదా’ అని మళ్లీ వెయ్యికి కొన్నవాడు ఈ వ్యాసానికి ఆదర్శ పాఠకుడు.

పేర్లు దగ్గరగా ఉంటే ఒకటే అనుకోవడం మంచి అలవాటు. 2023 మార్చి 9న కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఖాతాదారులు ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు వెనక్కి అడిగారు. మర్నాడు బ్యాంకును ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. చవక వడ్డీల కాలంలో దీర్ఘకాలిక బాండ్లు కొనిపెట్టుకుంది, వడ్డీలు పెరిగాక వాటి విలువ పడింది, అమ్మాల్సొచ్చి 1.8 బిలియన్ డాలర్ల నష్టం బయటపడింది. డిపాజిట్లలో 90 శాతానికి పైగా బీమా పరిమితి దాటినవే. అంతే కథ. దాన్ని అందరూ ముద్దుగా ఎస్‌వీబీ అంటారు. ముంబయిలో శాంరావ్ విఠల్ కోఆపరేటివ్ బ్యాంకు అని ఒకటుంది, 1906లో పెట్టింది, దాన్ని ఎస్‌వీసీ అంటారు. ఆ వారాంతంలో పాపం ఆ బ్యాంకు, కాలిఫోర్నియా వాళ్లకూ మాకూ ఏ సంబంధమూ లేదంటూ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఈ స్ఫూర్తిని మనం ముందుకు తీసుకెళ్లాలి. అమెరికాలో సిటీ బ్యాంకుకు జలుబు చేస్తే కుంభకోణంలో 1904లో పుట్టిన సిటీ యూనియన్ బ్యాంకు షేర్లు అమ్మండి. ఎస్‌వీబీ మునిగిందని తెలియగానే, ఎందుకైనా మంచిది, తిరుమల నుంచి వచ్చే ఎస్‌వీబీసీ ఛానల్ చూడటం కూడా ఆపేయండి.

ఆ మార్చి 13 సోమవారం మన మార్కెట్ ప్రవర్తన మీకు గొప్ప పాఠం. మన లెక్కలో ఆ తెల్లవారుజామునే అమెరికా ప్రభుత్వం, ఆ బ్యాంకులో డిపాజిట్ ఉన్న ప్రతివారి సొమ్మూ పూర్తిగా ఇస్తామని ప్రకటించేసింది. మన స్టార్టప్‌లకు అక్కడున్న బిలియన్ డాలర్ల దాకా సొమ్ము కూడా ఆ హామీతో ఒడ్డున పడింది. అంటే 9:15కు ముందే మంచి వార్త వచ్చేసింది. అయినా సెన్సెక్స్ 897 పాయింట్లు పడి 58,238కి దిగింది. ఇండస్ఇండ్ బ్యాంకు షేరు 7 శాతానికి పైగా పడింది. చాలామంది కాలిఫోర్నియా గాలి సోకిందనుకున్నారు. అసలు కారణం రిజర్వు బ్యాంకు ఇండస్ఇండ్ సీఈఓకు మూడేళ్లకు బదులు రెండేళ్లే పొడిగింపు ఇవ్వడం. ఇలాంటి వివరాలు రెండో పేజీలో ఉంటాయి. మొదటి పేజీతో సరిపెట్టుకోండి.

చరిత్ర చదవకపోవడం కూడా పెట్టుబడి పద్ధతే. విశాఖ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1906 అక్టోబరు 22న, మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ మునిగింది. దాని లండన్ వ్యవహారాలు చూసే మెక్‌ఫేడియన్ సంస్థ యజమాని రెండు రోజుల ముందు అక్కడ రైలు కింద పడి చనిపోయాడు. లండన్‌లో సట్టా బెడిసికొట్టింది, మద్రాసులో ఉద్యోగులూ పింఛనుదార్లూ వీధిన పడ్డారు. సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ కోపంలోంచి 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తర్వాత 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. అక్కడ మునిగితే ఇక్కడ తగలడమన్నది మొబైల్ ఫోన్ల కాలంలో పుట్టిన వింత కాదన్నమాట. ప్రతిసారీ ‘ఇలాంటిది ముందెన్నడూ లేదు’ అని మొదలుపెడితే భయం తాజాగా ఉంటుంది.

రిజర్వు బ్యాంకు ఏం చెప్పినా తిరగేసి అర్థం చేసుకోండి. 2008 సెప్టెంబరు 5న గవర్నరు పదవి నుంచి వై.వి. రెడ్డి దిగిపోయి దువ్వూరి సుబ్బారావు కూర్చున్నారు. పదంటే పది రోజులకు లేమన్ పేలింది. దిగినాయన కడప జిల్లా, ఎక్కినాయన ఏలూరు. ఐఏఎస్‌లో సుబ్బారావు తొలి పోస్టింగు మన పార్వతీపురంలో సబ్‌కలెక్టరు. రెడ్డిగారు రియల్ ఎస్టేట్ అప్పులకు బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని పట్టుబట్టినప్పుడు ఆయన్ని ఛాదస్తుడన్నవాళ్లే ఎక్కువ. తర్వాత అందరూ మెచ్చుకున్నారు, కానీ మెచ్చుకోవడం ఎప్పుడూ తర్వాతే జరగాలి, అదీ నియమం. సుబ్బారావు వచ్చాక బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నిల్వను 9 శాతం నుంచి 5కు, రెపో రేటును 9 నుంచి 4.75కు, ఏడాది తిరక్కుండా దించేశారు. దించినప్పుడల్లా ‘ఆయనే భయపడ్డాడు’ అనండి. దించకపోతే ‘ఆయనకు పట్టలేదు’ అనండి.

ఆ సెప్టెంబరు 30న ఐసీఐసీఐ బ్యాంకు మీద పుకారు లేచింది. దాని బ్రిటన్ అనుబంధ సంస్థ దగ్గర లేమన్ బాండ్లు కొన్ని ఉన్న మాట నిజమే, బ్యాంకు సైజుతో పోలిస్తే అవి చిటికెడు. ఏటీఎంల ముందు జనం మూగారు. డబ్బుకు కొరత లేదని రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. బ్యాంకు ఇప్పటికీ ఉంది. మళ్లీ అలాంటి రోజు వస్తే లైన్లో నిలబడి వాడుకోవడానికి మాటలు కావాలి కదా, మన వైపు యాసలో రాసిచ్చేస్తున్నాను:

“ఏటి బావా, ఇంత లైనుంది?”

“బేంకు ఎత్తేస్తన్నారంట.”

“ఎవులు సెప్పారు నీకు?”

“ఎవులో సెప్పాలేటి? లైను కనబడతంది కదా!”

బ్యాంకు ఎలా కూలుతుందో ఆర్థికశాస్త్రం పుస్తకాలు ముప్పై పేజీల్లో చెప్పేది ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. నిలబడ్డ బ్యాంకును కూడా లైను పడగొట్టగలదు.

వడ్డీ విషయంలో ఆశ అవసరం. ‘ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే అంకుల్, కాస్త వడ్డీ ఎక్కువ’ అని ఏ కుర్రాడైనా ఏటీ1 బాండు ముందు పెడితే ఆ ‘లాంటిదే’ అన్న మాట మీద సంతకం చేసేయండి. బ్యాంకు కష్టాల్లో పడితే ముందుగా సున్నా అయ్యే అప్పు ఇది, అందుకే వడ్డీ ఎక్కువ. 2020 మార్చిలో యెస్ బ్యాంకు 8,415 కోట్ల విలువైన ఇలాంటి బాండ్లను చెరిపేసింది. మూడేళ్లకు క్రెడిట్ సూయిస్‌లో 16 బిలియన్ ఫ్రాంకుల బాండ్లు అలాగే పోయాయి. అక్కడైతే వాటాదారుకు ఎంతో కొంత దక్కింది, బాండుదారుకు గుండు సున్నా. ఈ విషయంలో తిరుమల దేవస్థానాన్ని అనుకరించకండి. యెస్ బ్యాంకులో ఉన్న 1,300 కోట్లను, దాని మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టడానికి కొన్ని నెలల ముందే టీటీడీ బయటికి తీసేసింది. పూరీ జగన్నాథుడి సొమ్ము మాత్రం ఐదు వందల కోట్లకు పైగా అందులో చిక్కుకుని భక్తులను కంగారుపెట్టింది. దేవుళ్లలోనే ఇంత తేడా ఉన్నప్పుడు మనమెంత? మన దేశంలో ఒక బ్యాంకులో ఒకరి డిపాజిట్‌కు 5 లక్షల దాకా బీమా ఉంది. కాబట్టి రిటైర్మెంటు డబ్బు 40 లక్షలూ ఎక్కువ వడ్డీ ఇచ్చే ఏదో ఒక చిన్న బ్యాంకులో, ఒకే పేరు మీద, గుండుగుత్తగా పడేయండి.

సొంత డబ్బుతో నష్టపోవడానికి హద్దుంటుంది, అప్పుకు ఆ హద్దు లేదు. ఇంట్లో బంగారం కుదువపెట్టి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లోకి దిగండి. విదేశీ బ్యాంకు మునిగిన వారంలో మార్కెట్ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి రెండు వైపులా పోగొట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చెప్పిన లెక్క ప్రకారం మూడేళ్లలో ఈ ఆటాడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం 1.8 లక్షల కోట్లకు పైనే. మిగిలిన 7 శాతంలో నేనుంటానన్న నమ్మకం ఆ 93 శాతానికీ ఉండే ఉంటుంది.

అమెరికాలో ఉన్న అల్లుణ్ణి అడగడం మరవకండి. బ్యాంకు అతనుండే ఊళ్లోనే ఉంది కనక అతనికి దలాల్ స్ట్రీట్ గురించి కూడా తెలిసే ఉంటుంది. నిజానికి అతను చెప్పగలిగిన పనికొచ్చే సంగతి ఒకటుంది. అక్కడి బ్యాంకులు కొత్త సాఫ్ట్‌వేర్ పనులు ఆపుతున్నాయా, నడుపుతున్నాయా అన్నది. టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటి వాటి ఆదాయంలో పెద్ద ముక్క ఆ బ్యాంకుల నుంచే వస్తుంది, కాబట్టి ఆ తాకిడి రెండు మూడు త్రైమాసికాల తర్వాత ఫలితాల్లో కనబడుతుంది. మీరు అది అడక్కుండా “రేపు నిఫ్టీ ఎటు బాబూ?” అని అడగండి. అతనూ మొహమాటానికి ఏదో ఒకటి చెబుతాడు.

మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా కట్టే సిప్‌ను సరిగ్గా ఇలాంటప్పుడే ఆపాలి. 2023 మార్చిలో, అక్కడ ఒకదాని వెనక ఒకటి బ్యాంకులు పోతుంటే, మన జనం సిప్‌ల ద్వారా 14,276 కోట్లు పెట్టారు. అంతకు ముందు ఏ నెలలోనూ అంత లేదు. 2008లో విదేశీయుడు అమ్ముతుంటే కొనడానికి ఇక్కడ ఇంత ప్రవాహం లేదు. పదిహేనేళ్లలో మారిందేమిటంటే ఇదే. ఆ కొన్నవాళ్లలో మీరు ఉండకూడదు. 2023 సెప్టెంబరులో నిఫ్టీ మొదటిసారి 20 వేలు తాకినప్పుడు, అంతా బాగుందని టీవీ చెప్పాక, అప్పుడు ఒకేసారి పెట్టండి. 2009లో కూడా అంతే. మే 18న ఎన్నికల ఫలితాల తర్వాత సెన్సెక్స్ ఒక్క రోజులో 2,110 పాయింట్లు లేచి, లేమన్ కూలిన రోజు ముగింపు కన్నా పైకి, 14,284కు చేరింది. అక్టోబరులో అమ్మి మేలో కొన్నవాళ్లు మన సంప్రదాయాన్ని నిలబెట్టారు. అయితే పడ్డది వెంటనే లేస్తుందనీ నమ్మకండి. 2008 జనవరి నాటి అత్యధిక ముగింపుకు సెన్సెక్స్ మళ్లీ చేరడానికి 2010 నవంబరు దాకా పట్టింది. అప్పు మీద కొన్నవాడికి మధ్యలో వడ్డీ మూడేళ్లు నడిచింది.

ఇన్ని చేశాక నష్టం చేతికొస్తుంది. దాన్ని జాగ్రత్తగా పాడుచేసుకోవాలి. షేర్లలో వచ్చిన మూలధన నష్టాన్ని 8 ఏళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే లాభాల్లోంచి తగ్గించుకునే వీలును ఆదాయపు పన్ను చట్టం ఇచ్చింది. షరతు ఒక్కటే, రిటర్ను గడువులోగా వేయాలి. మామూలు జీతగాడికి ఆ గడువు సాధారణంగా జులై 31. ఆ రోజు బంధువుల్ని కూడేసి యారాడ బీచిలో పిక్నిక్ పెట్టుకోండి, ఆగస్టు 1న తీరిగ్గా గాజువాకలో ఆడిటరు దగ్గరికి వెళ్లండి. ఆలస్య రుసుము కడితే రిటర్ను తీసుకుంటారు. నష్టాన్ని మాత్రం ముందుకు రానివ్వరు.